ఎవరికీ తలవంచని తెలుగు కలం

నేడు సర్ సి.వై. చింతామణి జయంతి

అమలాపురం: కోనసీమలో నేడు ఏ నాయకుడు వాహనం దిగినా చానెళ్ల లోగోలు వరుసగా ఆయన ముందు నిలుస్తాయి. అమలాపురంలో పలికిన మాట రాజోలు, కొత్తపేట చేరడానికి నిమిషం చాలు. అయితే ఆ మాటలో నిజమెంత, నిరుడు అదే నాయకుడు చెప్పినదానికీ దీనికీ పొంతన ఉందా అని నిలదీయడమే రాజకీయ విలేకరికి అసలు పరీక్ష. టెలివిజన్ దేశంలో అడుగుపెట్టక మునుపే ఆ పరీక్షకు జీవితమంతా నిలబడిన తెలుగువాడు చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి. విజయనగరంలో పుట్టి, గంగా యమునలు కలిసే అలహాబాదులో మూడు దశాబ్దాలకు పైగా లీడర్ ఆంగ్ల దినపత్రికకు ప్రాణంగా నిలిచారు. పత్రిక యాజమాన్యంలోని పెద్దలకు, ప్రభుత్వానికి, చివరకు ఉప్పెనలా లేచిన ప్రజాభిప్రాయానికి సైతం తన కలాన్ని అప్పగించలేదు. అందుకు ఆయన చెల్లించిన మూల్యం కూడా తక్కువేమీ కాదు.

ఉగాది నాడు జననం

చింతామణి 1880 ఏప్రిల్ 10న, విక్రమ నామ సంవత్సర ఉగాది నాడు విజయనగరంలో జన్మించారు. తండ్రి రామసోమయాజులు వేదపండితులు. సంస్థానాధీశుల ఆదరణ పొందిన కుటుంబం. శాస్త్రపాఠాలు వినిపించే ఇంటిలో పెరిగిన బాలుడు మహారాజా కళాశాలలో ఆంగ్ల విద్య అభ్యసించారు. అనారోగ్యం వెంటాడడంతో చదువు సాఫీగా సాగలేదు. పట్టభద్రుడు కాకుండానే కళాశాలకు స్వస్తి చెప్పారు. తర్వాతి కాలంలో ఒక పెద్ద రాష్ట్రానికి విద్యామంత్రి అయిన వ్యక్తికి డిగ్రీ లేదన్న సంగతి నేటి విద్యార్థులకు వింతగా తోచవచ్చు.

ఆనాటి విజయనగరం సాధారణమైన ఊరు కాదు. గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకం 1892లో తొలిసారి ప్రదర్శితమైనది అక్కడే. అప్పటికి చింతామణికి 12 ఏళ్లు. మరోవైపు మన గోదావరి తీరంలోని రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1881లోనే తొలి వితంతు వివాహం జరిపించి సంప్రదాయవాదుల ఆగ్రహానికి గురయ్యారు. సంఘసంస్కరణపై ఊరూరా వాదోపవాదాలు సాగుతున్న ఆ వాతావరణమే యువకుడైన చింతామణిని పత్రికల వైపు నడిపించింది.

మూడు వందల రూపాయల పత్రిక

మీసాలు సరిగా రాని 18 ఏళ్ల ప్రాయంలో ఆయన వైజాగ్ స్పెక్టేటర్ అనే చిన్న ఆంగ్ల పత్రికకు సంపాదకత్వం వహించారు. తర్వాత ఆ పత్రికను రూ.300కు కొనుగోలు చేశారు. దానిని విజయనగరానికి తరలించి ఇండియన్ హెరాల్డ్ అని పేరు మార్చారు. ఉత్సాహం ఉన్నంతగా పెట్టుబడి లేదు. పత్రిక కొద్దికాలానికే మూతపడింది. చేతిలో చిల్లిగవ్వ మిగలకపోయినా రాజకీయ వ్యాఖ్య రాయగల శక్తి తనకున్నదన్న నమ్మకం మిగిలింది.

అక్కడి నుంచి మద్రాసు చేరారు. హిందూ పత్రిక స్థాపకుల్లో ఒకరైన జి. సుబ్రహ్మణ్య అయ్యర్ అప్పట్లో నడుపుతున్న మద్రాస్ స్టాండర్డ్‌లో పనిచేశారు. ప్రభుత్వ లెక్కలు చదవడం, శాసనసభల చర్చలను అనుసరించడం, అధికారుల నివేదికలలోని లొసుగులు పట్టుకోవడం వంటి మెళకువలన్నీ ఆ రోజులలో అలవడినవే.

1901లో 21 ఏళ్ల వయసులో భారత సంఘసంస్కరణపై పలువురు ప్రముఖుల వ్యాసాలు, ప్రసంగాలను సేకరించి ఆంగ్లంలో ఒక బృహద్గ్రంథంగా సంకలనం చేశారు. ఆ విషయంపై పరిశోధన చేసేవారు నేటికీ ఆ గ్రంథాన్ని తిరగేస్తుంటారు. పుస్తకంలో చెప్పినది ఆచరణలోనూ చూపారు. మొదటి భార్య మరణించిన తర్వాత, బంధువర్గం వ్యతిరేకించినా లెక్కచేయక వితంతువైన కృష్ణవేణమ్మను వివాహమాడారు. వైదిక కుటుంబంలో పుట్టిన యువకుడు ఆ కాలంలో అటువంటి అడుగు వేయడమంటే సొంత ఇంటి గడపకు దూరమవడానికి సిద్ధపడడమే.

అలహాబాదుకు పయనం

ఉత్తరాదిలో సచ్చిదానంద సిన్హా 1903లో ఇండియన్ పీపుల్ అనే వారపత్రికను ప్రారంభించారు. ఆ పత్రికలో పని చింతామణిని అలహాబాదుకు రప్పించింది. భాష, ఆహారం, వాతావరణం అన్నీ కొత్త. అయినా కొద్ది ఏళ్లలోనే ఆ ప్రాంత రాజకీయాలను ఆమూలాగ్రం అవగాహన చేసుకున్నారు. బొంబాయి నాయకుడు సర్ ఫిరోజ్‌షా మెహతా ప్రసంగాలను, రచనలను ఆయన సంకలనం చేయగా 1905లో అలహాబాదులోనే గ్రంథంగా వెలువడింది.

1909 అక్టోబరు 24న విజయదశమి రోజున పండిత మదనమోహన మాలవీయ సంకల్పంతో లీడర్ దినపత్రిక ఆవిర్భవించింది. ఇండియన్ పీపుల్ అందులో విలీనమైంది. నాగేంద్రనాథ్ గుప్తా, చింతామణి తొలుత ఉమ్మడి సంపాదకులు. గుప్తా కొద్దికాలానికే తప్పుకోవడంతో భారమంతా తెలుగు యువకుడి భుజాన పడింది. డైరెక్టర్ల మండలికి తొలి అధ్యక్షుడు మోతీలాల్ నెహ్రూ.

అది పత్రికలకు గడ్డుకాలం. 1910 పత్రికా చట్టం కింద కొత్తగా ముద్రణాలయం పెట్టేవారు రూ.500 నుంచి రూ.2,000 వరకు ధరావతు చెల్లించవలసి వచ్చేది. ప్రభుత్వానికి రుచించని వ్యాసం పడితే ఆ సొమ్ము జప్తు చేసే అధికారం ఉండేది. ఆ చట్టం 1922లో రద్దయ్యేవరకు ప్రతి సంపాదకుడూ కత్తిమీద సాము చేసినవాడే. ఆ పరిస్థితిలో చింతామణి ఎంచుకున్న ఆయుధం ఆధారం. ప్రభుత్వాన్ని విమర్శించవలసి వస్తే ప్రభుత్వం ప్రచురించిన లెక్కనే చూపేవారు. వైస్రాయి మాట తప్పారని రాయవలసి వస్తే, ఏ సంవత్సరం ఏ ప్రసంగంలో ఆ మాట ఇచ్చారో ముందు చెప్పేవారు.

నడిచే గ్రంథాలయం

చింతామణి జ్ఞాపకశక్తిపై సమకాలికులు కథలుగా చెప్పుకునేవారు. కాంగ్రెస్ మహాసభల తీర్మానాలు, బడ్జెట్ అంకెలు, కమిషన్ల సిఫారసులు తేదీలతో సహా ఆయన నాలుక చివరన ఉండేవి. శాసనమండలిలో ఆయన లేచి నిలబడితే ప్రభుత్వ సభ్యులు తమ దస్త్రాలు మరోమారు సరిచూసుకోవలసి వచ్చేది. భారత పత్రికారంగానికి ఆయనను పోప్‌తో పోల్చినవారూ ఉన్నారు. ధర్మసందేహం వస్తే తీర్పు కోసం చూసే పీఠం వంటివాడని దాని భావం.

ఈ శక్తి దైవదత్తమని చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. నివేదికలను మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదవడం ఆయన నిత్యకృత్యం. ఎవరో చెప్పిన సారాంశంపై ఆధారపడి రాయడం ఆయనకు సరిపడేది కాదు. తీర్పు చెప్పే ముందు దస్తావేజు చూడాలన్న ఈ నియమమే లీడర్‌కు విశ్వసనీయత తెచ్చిపెట్టింది. ఆ పత్రికతో ఏకీభవించనివారు సైతం దానిని చదవకుండా ఉండలేని స్థితి ఏర్పడింది.

మోతీలాల్‌తో విభేదం

తొలి పరీక్ష పత్రిక లోపలి నుంచే ఎదురైంది. 1909లో మోతీలాల్ నెహ్రూ మితవాది. హోంరూల్ ఉద్యమం తర్వాత ఆయన దృక్పథం మారింది. 1918లో మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల నివేదిక వెలువడింది. లోపాలు ఎత్తిచూపుతూనే సంస్కరణలను ఉపయోగించుకోవాలని చింతామణి రాశారు. ఆ ధోరణి మోతీలాల్‌కు నచ్చలేదు. నగరంలో ఆయన అగ్రశ్రేణి న్యాయవాది, సంపన్నుడు, పత్రిక ఆవిర్భావానికి అండగా నిలిచిన వ్యక్తి. అంతటివారు కాదన్నా సంపాదకుడు తన విధానం మార్చుకోలేదు.

చివరకు మోతీలాల్ లీడర్‌తో తెగతెంపులు చేసుకుని 1919 ఫిబ్రవరి 5న ఇండిపెండెంట్ పేరుతో సొంత దినపత్రిక ప్రారంభించారు. ఒకే నగరంలో రెండు పత్రికలు ఢీకొన్నాయి. ఇండిపెండెంట్ ప్రభుత్వ ధరావతు దెబ్బలకు గురై 1921 చివరలో చేతిరాత ప్రతులుగా వెలువడవలసిన స్థితికి చేరింది, ఆపై ఎక్కువకాలం నిలవలేదు. లీడర్ మాత్రం 1967 వరకు కొనసాగింది. ఇందులో ఒకరు గెలిచారని, మరొకరు ఓడారని చెప్పలేము. మోతీలాల్ తన విశ్వాసం కోసం ఆస్తిని, సుఖాన్ని త్యజించారు. చింతామణి తన విశ్వాసం కోసం శక్తిమంతుడైన మిత్రుడిని వదులుకున్నారు.

మంత్రి పదవి తృణప్రాయం

1918లో మితవాదులు కాంగ్రెస్‌ను వీడి లిబరల్ ఫెడరేషన్‌గా ఏర్పడ్డారు. చింతామణి దానికి ప్రధాన కార్యదర్శులలో ఒకరిగా పనిచేశారు. 1920లోను, 1931లోను వార్షిక మహాసభలకు అధ్యక్షత వహించారు. కొత్త చట్టం కింద 1921లో సంయుక్త రాష్ట్రాలలో విద్య, పరిశ్రమల మంత్రిగా బాధ్యతలు స్వీకరించారు. నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ అప్పటి సంయుక్త రాష్ట్రాలలో భాగం.

ఆ పాలనను ద్వంద్వ ప్రభుత్వమని పిలిచేవారు. విద్య, వైద్యం, స్థానిక స్వపరిపాలన వంటి శాఖలు భారతీయ మంత్రులకు వచ్చాయి. పోలీసు, రెవెన్యూ, ఖజానా మాత్రం గవర్నరు కార్యనిర్వాహక మండలి గుప్పిట్లోనే ఉండిపోయాయి. బాధ్యత ఒకరిది, డబ్బు మరొకరిది. అయినా ఉన్న పరిధిలోనే పనిచేసి చూపారు. ఇంటర్మీడియట్ విద్యా చట్టం, అలహాబాదు విశ్వవిద్యాలయ పునర్‌వ్యవస్థీకరణ చట్టం వచ్చినది 1921లో, ఆయన విద్యామంత్రిగా ఉన్నప్పుడే. ఏటా లక్షలాది విద్యార్థులు పరీక్షలు రాసే నేటి యూపీ బోర్డుకు పునాది ఆ ఇంటర్మీడియట్ చట్టమే.

ఆయన జీవితంలో ఇబ్బందికరమైన ఘట్టం కూడా ఇదే కాలానిది. 1921 డిసెంబరు 6న అలహాబాదులో మోతీలాల్‌ను, జవహర్‌లాల్‌ను ప్రభుత్వం నిర్బంధించింది. పోలీసు శాఖ చింతామణి చేతిలో లేదు. కానీ నిన్నటి మిత్రుడు చెరసాలకు వెళ్తుండగా ఆయన అదే ప్రభుత్వంలో మంత్రిగా ఉన్నారు. ఉద్యమకారులకు ఇది మింగుడుపడని విషయం. లిబరల్ నాయకులపై పడిన నిందలలో ఇది బరువైనది. జీవితచరిత్ర చెప్పేటప్పుడు ఈ సంగతి దాటవేయరాదు.

పదవిపై వ్యామోహం లేదని నిరూపించుకునే సందర్భం రెండేళ్లలో వచ్చింది. 1923లో గవర్నరు సర్ విలియం మారిస్‌తో అధికార పరిధి విషయమై విభేదాలు ముదిరాయి. తన శాఖ వ్యవహారాల్లో మంత్రి మాటకు విలువ లేనప్పుడు పదవిలో ఉండడం ప్రజలను మోసగించడమేనని భావించి రాజీనామా చేశారు. సహచర మంత్రి పండిత జగత్ నారాయణ్ కూడా ఆయన వెంటే వైదొలిగారు. చింతామణి నేరుగా లీడర్ కార్యాలయానికి తిరిగివచ్చారు. ద్వంద్వ ప్రభుత్వంలోని డొల్లతనాన్ని లోపల ఉండి చూసిన వ్యక్తి కావడంతో ఆ తర్వాతి విమర్శకు పదును మరింత పెరిగింది.

జనప్రవాహానికి ఎదురీత

గవర్నరును ఎదిరించిన సంపాదకుడికి జనం చప్పట్లు కొడతారు. జనాన్నే ఎదిరిస్తే ఆ చప్పట్లు ఆగిపోతాయి. గాంధీజీ నాయకత్వంలో సహాయ నిరాకరణం దేశాన్ని కుదిపినప్పుడు చింతామణి దానిని సమర్థించలేదు. చట్టసభలను బహిష్కరించడం, విద్యార్థులు చదువు మానడం దేశానికి మేలు చేయవని వాదించారు. ప్రభుత్వ అణచివేతను కూడా అంతే తీవ్రంగా ఖండించారు. ఫలితంగా ప్రభుత్వం ఆయనను అనుమానించింది, ఉద్యమకారులు ఆయనను వెనుకబడినవాడిగా చూశారు.

సామాన్య ప్రజానీకంలో మేల్కొన్న శక్తిని లిబరల్ నాయకులు సరిగా అంచనా వేయలేకపోయారన్నది చరిత్ర చెప్పే సత్యం. వారు విజ్ఞాపనలను, చర్చలను నమ్మారు. దేశం సత్యాగ్రహాన్ని నమ్మింది. చింతామణి కూడా ఈ పొరపాటుకు అతీతుడు కాదు. అయితే తన అభిప్రాయం జనాదరణ కోల్పోతున్నదని తెలిసీ దానిని దాచుకోలేదు. చందాదారుల కోసం గొంతు మార్చలేదు.

భారతీయ సభ్యుడు ఒక్కరూ లేని సైమన్ కమిషన్‌ను బహిష్కరించడంలో లిబరల్ పక్షం ముందుకు వచ్చినప్పుడు ఆయన కలం కాంగ్రెస్ వాదులతో సమానంగా నిప్పులు చెరిగింది. 1930 నవంబరులో లండన్‌లో మొదలైన మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి ప్రతినిధిగా హాజరయ్యారు. శాసనమండలిలో ప్రతిపక్ష నాయకుడిగా ఏళ్ల తరబడి ప్రభుత్వాన్ని నిలదీశారు. 1937 ఎన్నికలలో కాంగ్రెస్ ప్రభంజనం ముందు లిబరల్ పక్షం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. పార్టీ మిగలకపోయినా సంపాదకుడు మిగిలారు.

తెలుగు నేలతో అనుబంధం

అలహాబాదులో స్థిరపడినా స్వస్థలంతో బంధం తెగిపోలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆహ్వానంపై 1857 తిరుగుబాటు తర్వాతి భారత రాజకీయాలపై ఆంగ్లంలో ఉపన్యాసాలు ఇచ్చారు. అవి 1937లో గ్రంథరూపం దాల్చాయి. తాను చూసిన నాయకులను, సభలను, ఒడంబడికలను ఒక పాత్రికేయుడు వరుసగా చెప్పుకుపోయిన ఆ పుస్తకం రాజనీతి విద్యార్థులకు చాలాకాలం పాఠ్యగ్రంథంగా ఉపకరించింది. 1940లో మీనూ మసానీతో కలిసి, 1935 రాజ్యాంగ చట్టం అమలు తీరుపై మరో గ్రంథం రచించారు.

లీడర్ కార్యాలయం తెలుగు పాత్రికేయులకు పాఠశాల అయింది. చీరాలకు చెందిన కోటంరాజు రామారావు అక్కడ చింతామణి వద్ద పనిచేసినవారే. ఆయన 1938లో లక్నోలో ప్రారంభమైన నేషనల్ హెరాల్డ్‌కు తొలి సంపాదకుడు అయ్యారు. 1942లో సంపాదకీయం రాసినందుకు జైలుకు వెళ్లారు. గురువు లిబరల్, శిష్యుడు కాంగ్రెస్ వాది. మార్గాలు వేరైనా రాసిన మాటకు కట్టుబడే గుణం ఇద్దరిలోనూ కనిపిస్తుంది. కుందూరి ఈశ్వరదత్తు వంటి మరికొందరు తెలుగువారు సైతం లీడర్‌లో రాటుదేలారు.

చింతామణికి 1939లో ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. అప్పటికే ఆరోగ్యం క్షీణించింది. 1941 జులై 1న, 61 ఏళ్ల వయసులో అలహాబాదులో కన్నుమూశారు. ఆయన చూడాలనుకున్న స్వపరిపాలన మరో ఆరేళ్లకు వచ్చింది, ఆయన నమ్మిన మార్గాన మాత్రం కాదు.

కోనసీమకు ఆయన చెప్పేదేమిటి?

కోనసీమ నుంచి దేశం దృష్టిని ఆకర్షించిన వార్తలు ఎన్నో వెలువడ్డాయి. 1995 జనవరి 8న పాశర్లపూడి బ్లో అవుట్, 1996 నవంబరు 6 నాటి తుపాను, 1998లో అమలాపురం ఎంపీ జీఎంసీ బాలయోగి లోక్‌సభ స్పీకర్ పీఠం అధిరోహించడం, 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన దుర్మరణం. ఇటువంటి ప్రతి వార్త వెనుకా బురదలోనో, పడవలోనో ప్రయాణించిన స్థానిక విలేకరులున్నారు. 2003 తర్వాత తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తా చానెళ్లు పెరిగాక వేగం మరింత పెరిగింది. జీతం లేక లైన్ ఎకౌంట్‌పై ఆధారపడే గ్రామీణ విలేకరికి వార్తతోపాటు ప్రకటనలు సేకరించే భారమూ ఉంది. ప్రకటన ఇచ్చిన చేయి వార్త దిద్దమని అడిగినప్పుడు కాదనడం ఎంత కష్టమో ఆ వృత్తిలో ఉన్నవారికి తెలుసు. మోతీలాల్ వంటి మహనీయుడు అడిగినా దిద్దని సంపాదకుడి కథ అక్కడే విలువైనదవుతుంది.

2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురం భగ్గుమన్న వేళ మరో పాఠం తెలిసింది. ఇళ్లు తగలబడి, అంతర్జాల సేవలు నిలిచిపోయిన ఆ రోజులలో ప్రజలకు కావలసినది తమ వర్గాన్ని మెప్పించే మాట కంటే నిర్ధారణ అయిన సమాచారమే. గుంపు ఆవేశంలో ఉన్నప్పుడు ఆధారం అడగడానికి గుండె ధైర్యం కావాలి. చింతామణి అభిప్రాయాలతో నేటి పాఠకుడు ఏకీభవించవలసిన పని లేదు. అనేక విషయాలలో కాలం ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. కానీ రాసే ముందు చదవాలని, నిందించే ముందు నిర్ధారించుకోవాలని, నమ్మినది రాశాక ఎవరి కోసమూ చెరపరాదని ఆయన పాటించిన నియమాలకు కాలదోషం పట్టలేదు. అవి దినపత్రికకు ఎంత అవసరమో, చేతిలో లోగో పట్టుకుని రచ్చబండ ముందు నిలబడిన యువ విలేకరికీ అంతే అవసరం.

జీవిత రేఖలు

జననం: 1880 ఏప్రిల్ 10, విజయనగరం
తొలి పత్రిక: వైజాగ్ స్పెక్టేటర్, 18 ఏళ్ల వయసులో
సంఘసంస్కరణ గ్రంథ సంకలనం: 1901
లీడర్ పత్రిక ఆవిర్భావం: 1909 అక్టోబరు 24, అలహాబాదు
లిబరల్ ఫెడరేషన్ అధ్యక్షత: 1920, 1931
సంయుక్త రాష్ట్రాల మంత్రిగా: 1921 నుంచి 1923 వరకు
మొదటి రౌండ్ టేబుల్ సమావేశం: 1930-31, లండన్
సర్ బిరుదు: 1939
మరణం: 1941 జులై 1, అలహాబాదు